మీటరుకి రూపాయి

కత్తిరించిన మాత్రల స్ట్రిప్పు ఏ మందుల షాపువాడూ వెనక్కి తీసుకోడు. ఒడిశాలోని రాయగడలో పంతొమ్మిదేళ్ళుగా షాపు నడుపుతున్నాను, నేనూ తీసుకోను. ఒక్కసారి మాత్రం తీసుకున్నాను.

ఆగస్టు నెల, ముసురు పట్టింది. కల్యాణసింగుపురం వైపు నుంచి ఒకాయన పదేళ్ళ కూతురితో వచ్చాడు. పిల్ల షాపు మెట్టు మీదే కూలబడి, మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని కూచుంది. చీటీలో హైడ్రాక్సీయూరియా రాసుంది. సికిల్ సెల్ అనే రక్తజబ్బున్న పిల్లలు రోజూ వేసుకోవాల్సిన గొట్టం మాత్ర అది. సర్కారు ఆసుపత్రిలో ఊరికే ఇస్తారు గానీ ఆ వారం సరుకు రాలేదట. పది గొట్టాలు కొనుక్కుని వెళ్ళాడు. పావుగంటకి మళ్ళీ వచ్చి, "నాలుగు ఎనక్కి తీసుకో బాబూ, బస్సుకి చాల్లేదు" అన్నాడు. బస్సు చార్జీ నేనిస్తానన్నాను. తల అడ్డంగా ఊపాడు. నాలుగు గొట్టాలూ గల్లా మీద పెట్టి, వాటి వెల లెక్క ప్రకారం పుచ్చుకుని, కూతురిని భుజానేసుకుని వానలోకి వెళ్ళిపోయాడు.

ఆ నాలుగు గొట్టాలూ చాన్నాళ్ళు నా సొరుగులోనే ఉన్నాయి. పారెయ్యబుద్ధి కాలేదు, అమ్మడానికి లేదు.

సికిల్ అంటే కొడవలి. గుండ్రంగా, మెత్తగా ఉండాల్సిన ఎర్ర రక్తకణం ఆక్సిజన్ తగ్గినప్పుడు కొడవలిలా వంకర తిరిగి బిరుసెక్కుతుంది. సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. ఎక్కడ ఇరుక్కుంటే అక్కడ నొప్పి. ఆ పిల్ల చీటీ మీద డాక్టరు కింద ఒక వరసలో రాశాడు: చలి తగలనివ్వొద్దు, దాహంతో ఉంచొద్దు, బాగా అలిసిపోనివ్వొద్దు, ఎత్తు ప్రదేశాలకి తీసుకెళ్ళొద్దు. కొండల్లో పుట్టిన పిల్లకి ఈ నాలుగూ వద్దంటే ఇక మిగిలేదేమిటో నాకు తెలీలేదు.

2023 జులై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. 2047 కల్లా ఈ జబ్బు ప్రజారోగ్య సమస్యగా ఉండకూడదని, నలభై ఏళ్ళ లోపు వాళ్ళు ఏడు కోట్ల మందికి పరీక్ష చెయ్యాలని పెట్టుకున్నారు. పరీక్షకి డబ్బు లేదు, మందుకి డబ్బు లేదు. బస్సుకి మాత్రం టిక్కెట్టు కొనాలి. నొప్పి ముదిరి కోరాపుట్ మెడికల్ కాలేజీకి వెళ్ళమంటే, పిల్లతోపాటు ఒక మనిషి, ఆ మనిషికి రెండు పూటలా తిండి, నాలుగు రోజుల కూలి నష్టం. మేం చెయ్యగలిగింది ఏదైనా ఉంటే అక్కడే అనిపించింది.

అందుకు డబ్బు పోగుచేసే ఆలోచన మా మేనల్లుడిది. మా అక్క కొడుకు, ఇరవై నాలుగేళ్ళవాడు, షాపులో నాకు కుడిభుజం. దొరలు కొండలెక్కి మీటరుకి ఇంతని విరాళాలు పోగు చేస్తారని ఫోన్లో చూపించాడు. "మావయ్యా, మనం ఎవరెస్టు బేస్ క్యాంపుకి ఎళ్దాం. 5,364 మీటర్లు. మీటరుకి రూపాయి అందాం" అన్నాడు. హిమాలయాలు చూడాలని నాకు చిన్నప్పటినుంచీ ఉంది. ఆ కోరికకి ఇంత గౌరవప్రదమైన సాకు మళ్ళీ దొరకదని ఆ రాత్రే ఒప్పేసుకున్నాను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మొదటి రోజే ఒకాయన దీన్ని పట్టేశాడు.

ఆయన మా వీధి చివర కిరాణా షావుకారు. డెబ్బై దాటాయి. బాబాయ్ అని పిలుస్తాను, చుట్టరికం ఏమీ లేదు. అంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "నువ్వు కొండెక్కితే నానెందుకియ్యాల్రా డబ్బులు? నీ కర్చెంతవుద్ది?" అన్నాడు.

"అరవై, డెబ్బై వేలు. అది నా సొంతం బాబాయ్, విరాళాల్లోంచి పైసా ముట్టను."

"ఆ డెబ్బై వేలూ ఆ గుంటలకే ఇచ్చీ. ఇచ్చీసి ఇంటికాడ కూకో. ఊపిరి మిగుల్తాది."

దీనికి నేను నాలుగైదు జవాబులు చెప్పాను. మనిషి కష్టపడి ఎక్కుతుంటే నలుగురూ చూస్తారని, డెబ్బై వేలకి రెండింతలు వస్తాయని. ఆయన వింటున్నాడు గానీ పొట్లం కట్టడం ఆపలేదు. చివరికి, "నాకెక్కాలనుంది బాబాయ్" అన్నాను. "మరదీ, అలాగ సెప్పు" అని నవ్వి మీటరుకి రూపాయి రాయించుకున్నాడు. రాయించుకున్నాక మళ్ళీ బేరం: "రాయగడే రెండొందల మీటర్ల పైచిలుకు ఎత్తు మీదుంది. అది నువ్వెక్కినట్టు కాదు గదా? అది తీసీ." విశాఖపట్నం వెళ్ళి సముద్రంలో కాళ్ళు తడుపుకుని మరీ బయల్దేరతానని మాటిచ్చాను. బూట్లు కొనడానికి వెళ్ళినప్పుడు నిజంగానే ఆర్కే బీచ్‌లో ప్యాంటు మడతపెట్టి నిలబడి ఫొటో తీయించుకుని తెచ్చి చూపించాను. ఫొటో దగ్గరగా పెట్టుకుని చూసి, "సర్లే" అన్నాడు.

లాంగ్ సైజు పుస్తకం ఒకటి కొన్నాం. మీటరుకి రూపాయి తొమ్మిది మంది, అర్ధరూపాయి పద్నాలుగు, పావలా ముప్ఫై ఇద్దరు, పది పైసలు తొంభై మంది. మొత్తం 145 పేర్లు. పది పైసల వాళ్ళలో స్టేషన్ బయట ఆటోవాళ్ళు, టీకొట్టు ఆయన, ట్యూషన్ పిల్లలు ఉన్నారు. పది పైసల బిళ్ళ చూసి ఎన్నాళ్ళయిందో గానీ, 5,364 మీటర్లకి అది 536 రూపాయల నలభై పైసలవుతుంది, చిన్న మాట కాదు. అంతా కలిపితే మీటరుకి 33 రూపాయలు. బేస్ క్యాంపు చేరితే 1,77,012. బ్యాంకులో ఖాతా ముగ్గురి పేర తెరిచాం: రిటైరైన హెడ్‌మాస్టరుగారు, ఒక నర్సమ్మ, నేను. ముగ్గురూ సంతకం పెట్టకపోతే రూపాయి కదలదు. డబ్బడిగేముందు ఈ కాయితం చూపించడం ఎవరెస్టు ఫొటో చూపించడం కంటే బాగా పనిచేసింది.

సాధన కోసం భుజాన సంచీలో గడువు తీరిన సెలైన్ బాటిళ్ళు నింపుకున్నాం, అరలీటరువి పదహారు. తెల్లవారుజామున మజ్జిగౌరమ్మ గుడి వైపు నడక, రైల్వే ఓవర్‌బ్రిడ్జి మెట్లు పాతికసార్లు ఎక్కడం, దిగడం. మెట్ల మీద కూర్చునే బిచ్చగాడు వారం రోజులు మమ్మల్ని చూసి, "ఏ బండికి బాబూ?" అనడిగాడు. ఆదివారాలు దేవమాలి. ఒడిశాలో అదే పెద్ద శిఖరం, 1,672 మీటర్లు. పైదాకా తారురోడ్డు ఉంది, పిక్నిక్‌కి వచ్చినవాళ్ళు బైకుల మీద మమ్మల్ని దాటుకుంటూ చెయ్యూపేవాళ్ళు. మేనల్లుడు నాకంటే అరగంట ముందే పైన ఉండేవాడు. చోడి అంబలి సీసా తెరిచి కూర్చుని నాకోసం చూసేవాడు.

ఇంక అసలు దెబ్బ. బయల్దేరే ముందు డాక్టరు పరీక్షలు రాస్తే, సికిల్ కోసం చందాలు దండుతూ మనం ఆ పరీక్ష చేయించుకోకపోతే ఏం బావుంటుందని అదీ రాయించుకున్నాం. నాది మామూలుగానే వచ్చింది. వాడిది ఏఎస్.

ఏఎస్ అంటే జబ్బు కాదు. ఒక మంచి జన్యువు, ఒక సికిల్ జన్యువు. అలాంటివాళ్ళని వాహకులంటారు. చాలామందికి జీవితమంతా తెలియను కూడా తెలియదు. వాహకుడు ఇంకో వాహకురాలిని చేసుకుంటేనే చిక్కు, ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు రావడానికి నాలుగో వంతు అవకాశం. ఇది కొండోళ్ళ జబ్బు, మనకి రాదులే అని మావాళ్ళలో ఒక ధీమా ఉంది. షాపులో కూర్చుని నేనూ ఎన్నిసార్లు అన్నానో.

డాక్టరు నెమ్మదిగా చెప్పాడు. "నువ్వు పరిగెత్తొచ్చు, బరువులెత్తొచ్చు, నీళ్ళు బాగా తాగితే చాలు. ఎత్తు సంగతి మాత్రం వేరు. వాహకులకి కూడా మూడు వేల మీటర్లు దాటాక ప్లీహానికి రక్తం ఆడక చచ్చుబడే ప్రమాదం ఉంది. ఎక్కొచ్చినవాళ్ళు లేరని కాదు. అక్కడ ఎడమ డొక్కలో నొప్పి మొదలైతే నిన్ను దింపేదెవరు?" వాడు ఏమీ అనలేదు. బయటికొచ్చాక బండి స్టార్టు చెయ్యబోయి ఆగి, "మావయ్యా, దేవమాలి మీద నీకంటే ముందు నేనే ఎక్కాను గదా" అన్నాడు. అవున్రా అన్నాను. ఇంటిదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

రాత్రి మా అక్క వచ్చి పడింది. "ఆడికి సంబంధాలు సూస్తన్నాం తమ్ముడూ. ఈ పరీక్షలెవడు సేయించమన్నాడు? ఇప్పుడూరంతా సాటిస్తావేటి?" నేను చాటించలేదు. ఎవరికీ చెప్పకూడదని ముగ్గురం అనుకున్నాం కూడా. పేరు రాయకపోయినా ఇక్కడ ఇదంతా రాయడానికి కారణం, వాడే రాయమన్నాడు. ఎందుకు రాయమన్నాడో తరవాత తెలుస్తుంది.

దసరా వెళ్ళాక నేనొక్కణ్ణే బయల్దేరాను. విమానాల జోలికి పోలేదు. సమలేశ్వరి రైల్లో హౌరా, అక్కణ్ణుంచి మిథిలా ఎక్స్‌ప్రెస్‌లో రక్సౌల్, టాంగా మీద సరిహద్దు దాటి బీర్‌గంజ్, రాత్రి బస్సులో కాఠ్మాండూ. మనవాళ్ళకి వీసా అక్కర్లేదు, ఓటరు కార్డు చాలు. మన రూపాయికి వాళ్ళది రూపాయి అరవై పైసలు. మామూలుగా అందరూ నడక మొదలుపెట్టే లుక్లాకి విమానం టిక్కెట్టు ధర విని, సల్లేరి జీపెక్కాను. అక్కడ వాన వెలిసిందే గానీ రోడ్డు ఆరలేదు. బురదలో ఒకచోట ఒక పూట, ఇంకోచోట రోజంతా ఇరుక్కుపోయాం. అలా పోయిన రోజుల్ని తరవాత కొండ మీద రాబట్టుకుందామనుకున్నాను. నా తప్పు అదే. ఆ తప్పు దగ్గరికి వస్తాను.

సల్లేరిలో ఒక రాయ్ తెగ కుర్రాణ్ణి కుదుర్చుకున్నాను, సామాను మోయడానికీ దారి చూపడానికీ. మా ఇద్దరికీ హిందీ అంతంతమాత్రమే, సరిపోయింది. వాడికి వచ్చిన మంత్రం ఒకటే, "బిస్తారై, బిస్తారై". నెమ్మదిగా, నెమ్మదిగా. నేను నాలుగడుగులు గబగబా వేస్తే చాలు, వెనకనుంచి వినపడేది.

నామ్చే అనే ఊరి దాకా దారి గురించి చెప్పడానికి పెద్దగా లేదు. తాళ్ళ వంతెనలు, కింద పాలనురగలాంటి ఏరు, ఎదురొచ్చే జడల బర్రెల మందలు. అవి వస్తున్నప్పుడు కొండ వైపు ఒదగాలి, లోయ వైపు కాదు. మోంజో దగ్గర సాగరమాతా నేషనల్ పార్కు టిక్కెట్టు, సార్క్ దేశాలవాళ్ళకి 1,500 నేపాలీ రూపాయలు, పన్ను అదనం. నామ్చే 3,440 మీటర్లు. లాడ్జి ఆవిడకి నా చోడిపిండి డబ్బా చూపించి కాస్త అంబలి కాయమన్నాను. వేలితో తీసి నాలుక మీద వేసుకుని, "కోదో!" అని కేకేసింది. మన చోళ్ళే వాళ్ళ కోదో. అంబలి కాయలేదు, గట్టిగా తోపలా కలియబెట్టి ధిండో అని పెట్టింది. సంచీలోంచి మాగాయ తీశాను. ఆ పూట ఆవిడా నాతోపాటు మాగాయతోనే తింది, కళ్ళనీళ్ళు కారుతున్నా ఆపలేదు.

నామ్చేలో రెండు రాత్రులు ఉన్నాను, ఒళ్ళు అలవాటు పడాలని. గాలిలో ఆక్సిజన్ వంతు రాయగడలోనూ అక్కడా 21 శాతమే, కానీ పైకెళ్ళేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి, ఒక్కో ఊపిరికీ లోపలికి పోయేది తగ్గుతుంది. బేస్ క్యాంపు దగ్గర సముద్ర మట్టంతో పోలిస్తే సుమారు సగం. రక్తంలో ఆక్సిజన్ శాతం చూపించే పల్స్ ఆక్సీమీటరు షాపు నుంచి తెచ్చుకున్నాను. రాయగడలో 98 చూపించేది, నామ్చేలో 89. ఎత్తు పడక వచ్చే జబ్బు రాకుండా డయమాక్స్ మాత్ర పూటకి సగం వేసుకుంటున్నాను. దానివల్ల వేళ్ళ చివర్లు చీమలు పాకినట్టు జివ్వుమంటాయి, రాత్రి నాలుగుసార్లు లేవాలి. మందులమ్మేవాణ్ణి కాబట్టి ఇదంతా నాకు తెలుసు. మూడు వేలు దాటాక రాత్రి పడుకునే ఎత్తు రోజుకి ఐదొందల మీటర్లు మించి పెరగకూడదని, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలని కూడా తెలుసు. తెలిసీ, పైనున్న డింగ్‌బోచే ఊళ్ళో ఒక్క రాత్రి పడుకున్నానే గానీ రోజు ఆగలేదు. రక్సౌల్ నుంచి తిరుగు టిక్కెట్టు తేదీ కళ్ళముందు కనిపిస్తోంది, లాడ్జిలో ఒక రోజు ఎక్కువుంటే అంత ఖర్చు. కుర్రాడు ఉందామన్నాడు. నేనే పద అన్నాను.

దారిలో థుక్లా అనే చోట నిట్టనిలువు ఎక్కుడు. ఎక్కాక మైదానంలా ఉంటుంది. దానినిండా రాళ్ళు పేర్చిన గుర్తులే, ఎవరెస్టు మీద పోయినవాళ్ళవి. రంగు గుడ్డల తోరణాలు గాలికి టపటపా కొట్టుకుంటున్నాయి. మన ఒడిశా నుంచి మొదట ఎవరెస్టెక్కిన కల్పనా దాస్ గుర్తొచ్చింది. 2008 మేలో ఎక్కి దిగొచ్చింది, 2019 మేలో మళ్ళీ ఎక్కి, దిగుతూ ప్రాణాలు వదిలింది. మా షావుకారు ఎగతాళి కూడా గుర్తొచ్చింది: "2014లో మన తెలుగు గుంట పూర్ణ పదమూడేళ్ళకే శిఖరం ఎక్కీసింది. నువ్వు కింద క్యాంపుకే ఇంత సందడేట్రా?" నవ్వబోతే ఊపిరి అందలేదు. రాయి మీద కూర్చున్నాను.

లోబుచే, 4,940 మీటర్లు. లాడ్జి హాల్లో జడల బర్రె పేడ పిడకలతో కుంపటి రాజేశారు. మా పల్లెలో పొయ్యి వాసనే. చుట్టూ పదిహేను మంది, ఏ దేశాలవాళ్ళో, ఎవరూ మాట్లాడటం లేదు. తల రెండు కణతల దగ్గరా బిగించినట్టుంది. పళ్ళెం ముందు పెట్టుకుని అన్నం కెలుకుతూ కూర్చున్నాను. పడుకున్నాక నిద్ర పడుతున్నట్టే పట్టి, ఊపిరి ఆగిపోయి ఉలిక్కిపడి లేవడం. మళ్ళీ అదే. పక్క మంచం మనిషీ అంతే. ఆయన ఊపిరి ఆగితే నేను లెక్కపెట్టేవాణ్ణి, మళ్ళీ మొదలయ్యేదాకా. నీళ్ళ సీసా పక్కలో పెట్టుకోవడం మర్చిపోయాను, గడ్డకట్టింది. నాలుక ఎండిపోతోంది. ఆక్సీమీటరు 71 చూపించింది. మెట్టు మీద ముడుచుకుని కూర్చున్న పిల్ల కళ్ళల్లో మెదిలింది. చలి, దాహం, అలసట, ఎత్తు. ఆ చీటీలో వద్దన్న నాలుగూ నేను డబ్బు పెట్టి కొనుక్కుని ఇక్కడ పడుకున్నాను. నాకైతే తలనొప్పి.

బుర్ర సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసుకుందామని ఒక లెక్క పెట్టుకున్నాను. ఇక్కణ్ణుంచి బేస్ క్యాంపుకి ఇంకా 424 మీటర్లు. మీటరుకి 33 రూపాయలు. నలభై ఆరేళ్ళ వయసులో, రోజంతా బిల్లులు నోటితో కూడే మనిషిని. 424ని 33 పెట్టి హెచ్చవెయ్యలేకపోయాను. ముప్ఫైతో వేస్తాను, అది గుర్తుపెట్టుకుని మూడుతో వేసేలోపు మొదటిది జారిపోతుంది. నాలుగుసార్లు వేశాను, నాలుగు జవాబులొచ్చాయి. భయం వేసింది అప్పుడే.

తెల్లవారి లాడ్జి వెనక్కి వెళ్ళి కక్కుకున్నాను. కుర్రాడు మంచులో గీత గీసి, మడమకి వేలు ఆనించి దాని మీద నడవమన్నాడు. మూడో అడుగుకి పక్కకి తూలాను. వాడు నా సంచీ కూడా తన భుజానికే తగిలించుకుని, "దాయీ, నీచే" అన్నాడు. అన్నా, కిందికి అని. దింపమని నేనడగలేదు, వాడూ నన్నడగలేదు. ఎదురుగా గోరక్‌షెప్ వైపు జనం చీమల బారులా వెళ్తున్నారు. నేను వాళ్ళకి వీపు తిప్పాను. అప్పుడు బాధేమీ అనిపించలేదు. బాధ తరవాత వచ్చింది.

ఫెరిచేలో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వాళ్ళది చిన్న ఆసుపత్రి ఉంది, 1973 నుంచి నడుపుతున్నారు. అక్కడి డాక్టరమ్మ గొట్టం పెట్టి ఊపిరితిత్తులు విని, నీరు చేరలేదంది. డింగ్‌బోచేలో ఎన్ని రాత్రులున్నావని అడిగింది. ఒకటి అన్నాను. ఏం చేస్తుంటావని అడిగింది. మందుల షాపన్నాను. ఆవిడ నా మొహంకేసి ఒకసారి చూసి మళ్ళీ రాసుకోవడం మొదలుపెట్టింది. ఆ చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

రాత్రి అక్కడ పడుకుని లేచేసరికి తల తేలిగ్గా ఉంది. పక్క మీదే లెక్క వేశాను. 13,992. మళ్ళీ వేశాను, అదే. ఒళ్ళు కుదుటపడింది కాబట్టి రెండ్రోజులాగి మళ్ళీ ఎక్కొచ్చు, తప్పేం లేదని కుర్రాడూ అన్నాడు. కానీ రోజులు లేవు, చేతిలో డబ్బూ లేదు. డింగ్‌బోచేలో ఒక రోజు మిగిల్చి 424 మీటర్లు పోగొట్టుకున్నాను.

ఇక్కడ రాయగడలో ఏం జరిగిందో చెప్పాలి. మేనల్లుడు షాపు బయట నల్లబోర్డు పెట్టాడు. నేనెక్కడ పడుకుంటే ఆ ఎత్తు సుద్దతో రాయడం వాడి పని. 2,610. 3,440. 3,867. 4,410. వీధి వీధంతా పొద్దున్నే బోర్డు చూసిపోయేవారట, క్రికెట్ స్కోరులాగా. 4,940 రాసిన మర్నాడు 4,200 చిల్లర రాయాల్సొచ్చింది. రాయకుండా ఉంచేద్దామని టీకొట్టు ఆయన సలహా ఇచ్చాడట. వాడు ఉన్నదున్నట్టు రాశాడు. "దిగిపోయాడేటి? పోయాడా?" అని జనం మూగారు. కొండ ఒంటికి పడలేదు, దిగుతున్నాడు, బాగానే ఉన్నాడని చెప్పి చెప్పి విసిగిపోయి, అసలు నువ్వెందుకెళ్ళలేదురా అని ఎవరో అడిగితే, సుద్దముక్క తీసుకుని కింద ఇంకో గీత రాశాడు: "నాది ఏఎస్. మీదేమిటి?"

మా అక్క మూడు రోజులు వాడితో మాట్లాడలేదు. చూస్తున్న సంబంధాల్లో ఒకటి తప్పిపోయింది. ఇంకొకళ్ళు మాత్రం వాళ్ళ అమ్మాయికి పరీక్ష చేయించి, కాయితం పట్టుకుని వచ్చారు. అదింకా మాటల్లో ఉంది, అంతకంటే రాయను. బోర్డు చూసి ఆసుపత్రికి వెళ్ళి రక్తం ఇచ్చొచ్చిన కుర్రాళ్ళు మాకు తెలిసి పాతికమంది పైనే. కొండ మీద ఉన్నన్నాళ్ళూ నాకిదేం తెలీదు.

వచ్చాక వసూళ్ళు. కొండకంటే ఇదే ఎత్తనిపించింది. 4,940 లెక్కనే ఇవ్వండని ఇంటింటికీ వెళ్ళి ముందే చెప్పాను. కొందరు మొత్తం 5,364కీ ఇచ్చేశారు. వద్దన్నా వినలేదు. ట్యూషన్ పిల్లలు 494 రూపాయలకి 500 ఇచ్చి చిల్లర వద్దన్నారు. ఒక కాంట్రాక్టరు, మీటరుకి రూపాయి రాయించుకున్నవాడు, "పని పూర్తవలేదు, బిల్లు పాసవదు" అని నవ్వుతూ పంపేశాడు. పది పైసల వాళ్ళలో ఆరుగురు తప్పించుకు తిరిగారు, వాళ్ళ మీద నాకేం కోపం లేదు. మొత్తం ఖాతాలో పడింది 1,60,310. నా సొంత ఖర్చు 68,400 అయింది, బూట్లతో సహా. షావుకారు చెప్పినట్టు ఇంటికాడ కూర్చుని ఆ డబ్బే ఇచ్చేస్తే ఎంత వచ్చేదో, ఇప్పుడెంత వచ్చిందో పక్కపక్కన రాసి చూసుకున్నాను. తేడా ఉంది. నేనూహించినంత లేదు.

చలికాలంలో దుప్పట్లు, నీళ్ళ సీసాలు కొన్నాం. తరవాత ఖర్చంతా బస్సులదే. కోరాపుట్ వెళ్ళే మనిషికి వెళ్ళడానికి, రావడానికి, రెండు పూటల తిండికి. కల్యాణసింగుపురం ఆయన మళ్ళీ వచ్చాడు. ఊరికే తీసుకోనన్నాడు, మళ్ళీ అదే మాట. బాకీ అని రాయమన్నాడు. రాశాం. ఫాల్గుణంలో కిలో చింతపండు తెచ్చి గల్లా మీద పెట్టి, కొట్టెయ్యమన్నాడు. లెక్కల పుస్తకంలో జమ వైపు ఇప్పుడు "చింతపండు 1 కిలో" అని ఉంది. దాన్ని ఎలా చూపించాలో హెడ్‌మాస్టరుగారికి ఇంకా తేలలేదు.

షావుకారు దగ్గరికి ఆఖర్న వెళ్ళాను. కావాలనే. నేను అరుగెక్కేసరికి గోడనున్న కాలెండరు వెనకనుంచి ఒక కాయితం తీశాడు. నా ఎత్తులన్నీ తేదీలతో రాసుకున్నాడు, మా బోర్డు చూసి. "నాలుగువేల తొమ్మిదొందల నలభై. కాదా?" అన్నాడు. అవునన్నాను. "సముద్రంలో కాళ్ళు తడిపినావు కాబట్టి రాయగడ తీసీనేదు." గల్లాపెట్టె తెరిచి ఐదొందల నోట్లు పది, వేలు తడుపుకుంటూ రెండుసార్లు లెక్కపెట్టి నా చేతిలో పెట్టాడు. రసీదు రాసిచ్చాను. కదలకుండా చెయ్యి చాపి అలాగే ఉన్నాడు.

"అరవై" అన్నాడు.

జేబులు తడుముకున్నాను. చిల్లర లేదు. రేపిస్తానన్నాను.

మర్నాడు షాపు తెరవకముందే వెళ్ళి మూడు ఇరవైలు ఇచ్చాను. వెలుగుకి పెట్టి చూసి, గల్లాపెట్టెలో వేసుకుని, పప్పు తూయడంలో పడ్డాడు.